రిస్పెరిడోన్ తగ్గించి లిథియం మొదలుపెట్టాక బాబుకి నిద్ర చెడింది. కొత్త మందు పడనట్టేనా?

మీరు రాసిందాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. బాబుకి 13 ఏళ్లు. బైపోలార్ (మూడ్ విపరీతంగా పైకీ కిందికీ ఊగే జబ్బు) అని తేలాక ఏడాదిన్నర నుంచి రిస్పెరిడోన్ మీద నిలకడగా ఉన్నాడు. కానీ 14 కిలోల బరువు పెరిగాడు, షుగర్ కూడా హద్దు దగ్గరికి వచ్చింది. అందుకని డాక్టరు దాన్ని మెల్లగా తగ్గిస్తూ లిథియం మొదలుపెట్టారు. ఇప్పుడు మూడో వారం. రాత్రి ఐదు గంటలకు మించి పడుకోవడం లేదు, చిన్న మాటకే విసుక్కుంటున్నాడు, తలుపులు దభాలున వేస్తున్నాడు. మీ వారేమో "బాగున్న పిల్లాడిని చెడగొట్టారు, పాత మందే వేసేద్దాం" అంటున్నారు.

నేను డాక్టర్ని కాదు. మా అమ్మాయికి పదకొండో ఏట ఈ జబ్బు బయటపడింది, ఇప్పుడు దానికి ఇరవై. ఈ తొమ్మిదేళ్లలో పెద్ద మందు మార్పులే ఐదు చూశాం. ఏ మందు, ఎంత డోసు అన్నది మీ డాక్టరు తేల్చాల్సిందే. నేను చెప్పేదంతా ఆ సమయంలో ఇంట్లో మనం చేయాల్సిన పని గురించి.

ముందు సూటిగా జవాబు. మూడో వారంలో లిథియం పడిందో లేదో ఎవరూ తేల్చలేరు. అయితే ఐదు గంటల నిద్ర సంగతి మాత్రం వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఈరోజే ఫోన్ చేసి చెప్పండి. మందు మీద తీర్పుకి తొందర వద్దు, డాక్టరుకి కబురు మాత్రం ఆలస్యం చేయొద్దు.

తీర్పు ఎందుకు చెప్పలేమంటే, లిథియం డోసు మార్చిన ప్రతిసారీ రక్తంలో దాని స్థాయి నిలదొక్కుకోవడానికి ఐదారు రోజులు పడుతుంది. స్థాయి కుదిరాక కూడా మూడ్ మీద పని చేయడానికి ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. ఈలోగా రిస్పెరిడోన్ తగ్గిపోతోంది. ఆ మందుకి మగత తెప్పించే గుణం ఉంది, అన్నాళ్లు దానికి అలవాటుపడ్డ ఒంటికి అది తగ్గితే నిద్ర చెదరడం మామూలే. అంటే బాబు చికాకుకి పాత మందు వెళ్లిపోవడం కారణం కావచ్చు, కొత్తది ఇంకా అందకపోవడం కావచ్చు, నిజంగానే మేనియా, అంటే మనసు అదుపు లేకుండా పైకి ఎగసే దశ, తలెత్తుతూ ఉండొచ్చు. పదమూడేళ్ల వయసు కూడా కావచ్చు. తలుపు దభాలున వేసిన ప్రతివాడికీ బైపోలార్ ఉండదు కదా!

వీటిలో ఏదో కొంతైనా పోల్చుకోవడానికి నేను వాడే ప్రశ్న ఒకటుంది. వాడు నిద్ర పట్టక అవస్థపడుతున్నాడా, లేక నిద్రతో పనిలేదన్నట్టు ఉన్నాడా? రెండిట్లోనూ ఐదు గంటలే కనిపిస్తాయి, కానీ రెండూ ఒకటి కాదు. మందు తగ్గినందువల్ల నిద్ర చెడిన పిల్లాడు పొద్దున్నే కళ్లు ఎర్రగా, ఒళ్లు బరువుగా, ఏడుపు మొహంతో లేస్తాడు. మధ్యాహ్నం కునుకు తీస్తాడు. మేనియా మొదలవుతున్న పిల్లాడు నాలుగు గంటలు పడుకుని, తెల్లవారుజామున నాలుగింటికే లేచి, పుస్తకాల అర మొత్తం కిందికి దించి సర్దుతూ ఉంటాడు. మాట వేగం పెరుగుతుంది, పెద్ద పెద్ద పథకాలు వేస్తాడు, అలసట అన్నది కనిపించదు. మీరు డాక్టరుకి చెప్పాల్సింది గంటల లెక్క ఒక్కటే కాదు, మర్నాడు వాడు ఎలా ఉన్నాడన్నది కూడా.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. అమ్మాయికి పన్నెండో ఏట అరిపిప్రజోల్ మొదలుపెట్టారు, అదీ రిస్పెరిడోన్ తరగతి మందే. పదో రోజు నుంచి అది భోజనాల బల్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. కూర్చుంటుంది, రెండు నిమిషాలకి లేస్తుంది, మళ్లీ చుట్లు. రాత్రి మంచం మీద కాళ్లు రుద్దుకుంటూనే ఉంటుంది. నేను డాక్టరుకి ఫోన్ చేసి "మళ్లీ మేనియా మొదలైనట్టుందండీ" అన్నాను. నా మాట నమ్మి ఆయన డోసు పెంచారు. నాలుగు రోజులు ఇంకా ఘోరం. ఐదో రోజు పొద్దున పళ్లు తోముకుంటూ కూడా ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ, "అమ్మా, బుర్రేమో కూర్చుందామంటోంది, కాళ్లే వినట్లేదు" అంది. ఆ మాటే ఉన్నదున్నట్టు డాక్టరుకి చెప్పాను. ఆయన వెంటనే, ఇది మేనియా కాదు, అకతీసియా అన్నారు. ఆ తరగతి మందుల వల్ల వచ్చే కదలిక సమస్య అది, కుదురుగా ఉండనివ్వదు. డోసు తగ్గించి, ఆ కదలిక తగ్గడానికి తోడుగా ప్రొప్రనలాల్ అనే మాత్ర ఇచ్చారు. మూడో రోజుకి అది కూర్చుని పూర్తిగా అన్నం తింది.

తప్పు ఆయనది కాదు. నేను చూసింది చెప్పకుండా, నేను తేల్చుకున్నది చెప్పాను. అప్పటి నుంచి డాక్టరు దగ్గర "మేనియా", "డిప్రెషన్" అన్న మాటలు నా నోట రావు. పడుకున్న టైము, లేచిన టైము, ఏం తిందో, ఏం అందో చెబుతాను. పేరు పెట్టడం ఆయన పని.

దానికి ఒక నోట్‌బుక్ కావాలి. యాప్‌లు కూడా ఉన్నాయి కానీ నాకు కాగితమే నయం. రోజుకి రెండు లైన్లు చాలు. పాత నోట్‌బుక్‌లోంచి ఒకటి ఇక్కడ దించుతున్నాను: "మంగళవారం. రాత్రి 10:40కి పడుకుంది, 4:15కి లేచింది. పొద్దున మందు 8కి. బడి నుంచి వచ్చి గంట పడుకుంది. సాయంత్రం తమ్ముడి మీద అరిచింది, పది నిమిషాలకి సారీ చెప్పింది. కుడి చెయ్యి సన్నగా వణుకు. నీళ్లు బాగా తాగుతోంది." అంతే. అందులో "ఈరోజు బాగాలేదు" లాంటి మాట ఒక్కటీ ఉండదు. మందు మారే నెలల్లో మన మనసు ఒకరోజు ఆకాశంలో, ఒకరోజు పాతాళంలో ఉంటుంది. ఆ మనసుతో రోజుకో తీర్పు చెబుతూ పోతే ఏ మందుకీ సమయం ఇవ్వలేం. వారం వారం నిద్ర గంటల సగటు వేసి చూడండి, ఒక్క రాత్రికి కంగారుపడకండి. రెండు రాత్రులు వరసగా నాలుగు గంటల కంటే తక్కువైతే మాత్రం ఫోన్ చేయాల్సిందే. ఈ గీత మా డాక్టరు మాకు గీసిచ్చింది. మీ బాబుకి ఎక్కడ గీయాలో మీ డాక్టరుని అడగండి.

ఇక మీ వారి సంగతి. ఆయన మాటలో నిజం లేకపోలేదు. 6 నుంచి 15 ఏళ్ల పిల్లల మీద అమెరికాలో చేసి 2012లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనంలో, ఎనిమిది వారాల్లో మేనియా అదుపులోకి వచ్చినవాళ్లు రిస్పెరిడోన్ మీద 68.5 శాతం, లిథియం మీద 35.6 శాతం. అంటే మేనియా మంట మీద ఉన్నప్పుడు దాన్ని ఆర్పడంలో రిస్పెరిడోన్‌ది పైచేయే. కానీ ఆ లెక్క ఎనిమిది వారాలది. మీ బాబు ఈ జబ్బుతో బతకాల్సింది ఏళ్ల తరబడి. అదే అధ్యయనంలో బరువు ఎక్కువగా పెరిగింది కూడా రిస్పెరిడోన్ మీదే. లిథియం మందుగా చాలా పాతది, 1949లో ఆస్ట్రేలియా డాక్టరు జాన్ కేడ్ మేనియాకి అది పని చేస్తుందని రాశారు. జబ్బు తిరగబెట్టకుండా చూడడంలోనూ, ఆత్మహత్య ముప్పు తగ్గించడంలోనూ దానికి ఇప్పటికీ మంచి పేరుంది. మీ డాక్టరు లెక్కలో ఇవన్నీ ఉండి ఉంటాయి. మీ వారిని తప్పుపట్టకుండా ఈ లెక్కలన్నీ ఆయన ముందు పెట్టండి.

అన్నిటికంటే ముఖ్యం, పాత స్ట్రిప్పులు ఇంట్లో ఎవరి చేతికీ అందకుండా చూడండి. మా ఇంట్లో ఏమైందో చెబుతాను. మూడో మార్పు జరుగుతున్నప్పుడు రెండు వారాలు నిద్ర లేదు. హఠాత్తుగా వరసగా మూడు రాత్రులు తొమ్మిదేసి గంటలు పడుకుంది. నోట్‌బుక్ పట్టుకుని సంబరంగా డాక్టరు దగ్గరికి వెళ్లాను. కొత్త మందు అందుకుందని ఆయనా అనుకుని, పాతదాన్ని ఇంకొంచెం తగ్గించమన్నారు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే మా ఆయన మొహం పాలిపోయింది. పిల్ల అవస్థ చూడలేక ఆ మూడు రాత్రులూ పాత మందు మాత్ర అదనంగా ఒకటి ఇచ్చారట. కోపంతో నాకు మాట రాలేదు. కానీ రాత్రి ఒంటిగంటకి ఏడుస్తూ తిరుగుతున్న పిల్ల దగ్గర కూర్చున్నది ఆయనే, నేను నిద్రపోతున్నాను. మర్నాడు డాక్టరుకి ఉన్నది చెప్పేశాం. ఆయన తిట్టలేదు. లెక్క సరిచేసి, తగ్గించే వేగం సగం చేశారు. అప్పటి నుంచి నోట్‌బుక్ రాసే పని మా ఆయనదే. రాసేవాడికి రహస్యంగా మాత్ర ఇవ్వడం కుదరదు.

ఈ కథలో మీకు పనికొచ్చేది ఇంకొకటుంది. "పాత మందా, కొత్త మందా" అని మీ ఇంట్లో రెండే దారులున్నట్టు మాట్లాడుకుంటున్నారు. మధ్యలో చాలా ఉన్నాయి. తగ్గించడం అక్కడికి ఆపి రెండు వారాలు అదే డోసు మీద ఉంచొచ్చు. తగ్గించే వేగం తగ్గించొచ్చు. రాత్రి డోసు ఉంచి పగటిది తీసేయొచ్చు. లిథియం లెవెల్ తక్కువుంటే పెంచొచ్చు. నిద్రకి కొద్ది రోజుల పాటు ఏదైనా ఇవ్వొచ్చు. వీటిలో ఏది మీ బాబుకి సరిపోతుందో ఆయన చెబుతారు, కానీ అడగాల్సింది మీరు. రిస్పెరిడోన్ తగ్గేటప్పుడు కొందరు పిల్లల్లో నోరు, నాలుక, వేళ్లు వాటంతటవి కదలడం కనిపిస్తుంది. సాధారణంగా కొన్ని వారాల్లో సర్దుకుంటుంది గానీ, కనబడితే ఫోన్‌లో చిన్న వీడియో తీసి డాక్టరుకి చూపించండి.

లిథియంతో ఇంట్లో తెలియాల్సిన విషయాలు కాస్త ఎక్కువే. పని చేసే మోతాదుకీ విషంగా మారే మోతాదుకీ మధ్య ఎడం తక్కువ. మామూలుగా రక్తంలో 0.6 నుంచి 1.2 మధ్య ఉండాలంటారు, 1.5 దాటితే ప్రమాదం. ఆ రక్తపరీక్షకి చివరి డోసు వేసిన 12 గంటలకు రక్తం ఇవ్వాలి. రాత్రి తొమ్మిదికి వేస్తే పొద్దున తొమ్మిదికి, అది కూడా పొద్దుటి మాత్ర వేయకముందు. మొదటిసారి నేను అలవాటు ప్రకారం మాత్ర వేసి తీసుకెళ్లాను. రిపోర్టు ఎక్కువ చూపించింది, అందరం హడలిపోయాం. మళ్లీ చేయిస్తే మామూలుగానే ఉంది. అనవసరంగా పిల్లకి ఇంకో సూది పోటు. లెవెల్‌తో పాటు కిడ్నీ, థైరాయిడ్, కాల్షియం పరీక్షలు కూడా మొదట్లోనూ, ఆ తర్వాత విడతలవారీగానూ చేయిస్తారు. చేయించకపోతే మీరే అడగండి.

ఒంట్లో నీళ్లు, ఉప్పు తగ్గితే లిథియం పెరుగుతుంది. ఎండలో ఆటలు, జ్వరం, వాంతులు, విరేచనాలు, హఠాత్తుగా ఉప్పు మానేయడం అన్నీ ఆ కోవలోవే. బాబు బరువు తగ్గాలని ఉప్పు మాన్పించి, కడుపు మాడ్చే పని మాత్రం ఇప్పుడు పెట్టుకోకండి. నొప్పికీ జ్వరానికీ ఇచ్చే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కూడా లిథియంని పెంచుతాయి. పారాసెటమాల్‌తో ఆ ఇబ్బంది లేదు. ఒకసారి జ్వరం వస్తే మందుల డబ్బాలో చేతికి దొరికిన ఐబుప్రొఫెన్ నేనే ఇచ్చాను, రెండు రోజులు. మూడో రోజు అమ్మాయి చెంచా నోటి దాకా తీసుకెళ్లలేకపోయింది, సగం గిన్నెలోనే ఒలికింది. అదృష్టం బాగుండి అక్కడితో పట్టుకున్నాం. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, పంటి డాక్టరైనా సరే, మొదటి మాటగా "లిథియం వాడుతున్నాడు" అని చెప్పండి. చేతులు సన్నగా వణకడం చాలామందిలో ఉంటుంది, అది వేరు. పెద్దగా వణకడం, తూలడం, మాట ముద్దగా రావడం, ఆగని వాంతులు, మత్తుగా పడి ఉండడం కనిపిస్తే తర్వాతి డోసు వేయకుండా సరాసరి ఆస్పత్రికి వెళ్లాలి.

దాహం, మాటిమాటికీ మూత్రం లిథియంతో వచ్చేవే. కొందరు పిల్లలు రాత్రి పక్క తడుపుతారు. పదమూడేళ్లవాడికి అది చచ్చేంత సిగ్గు. వాడు దుప్పటి దాచేసుకుని పైకి చెప్పకపోవచ్చు, ఆ కారణంతోనే మాత్ర నాలుక కింద పెట్టుకుని ఉమ్మేయొచ్చు కూడా. "ఈ మందుతో ఇలా అవుతుంది, అయితే నీ తప్పు కాదు, డోసు వేసే టైము మార్చి చూస్తారు" అని ముందే చెప్పి ఉంచండి. క్లాసులో నీళ్ల సీసా పెట్టుకోవడానికీ, బాత్రూంకి అడగకుండా వెళ్లడానికీ టీచరుతో మాట్లాడండి. జబ్బు పేరు చెప్పాలా వద్దా అన్నది బాబుని అడిగి నిర్ణయించుకోండి.

ముందు ముందు వేరే మందుల పేర్లు కూడా వినొచ్చు. లామోట్రిజిన్ అయితే చాలా మెల్లగా, వారాల మీద పెంచుతారు. తొందరపడితే ప్రాణం మీదికి తెచ్చే దద్దుర్లు రావొచ్చు, పిల్లల్లో ఆ ముప్పు ఎక్కువ. ఏ కొత్త దద్దురు కనిపించినా అదే రోజు చూపించాలి. వరసగా ఐదారు రోజులు మానేస్తే మళ్లీ పాత డోసు నుంచి కాదు, డాక్టరుని అడిగి మొదటి నుంచి ఎక్కించాలి. మూడ్ నిలకడకి ఇచ్చే ఇంకో మందు వాల్‌ప్రోయేట్ పక్కన ఉంటే లామోట్రిజిన్ రక్తంలో రెట్టింపవుతుంది. ఆడపిల్లలకి వాల్‌ప్రోయేట్ రాస్తే నెలసరి సమస్యల గురించీ, గర్భంలో బిడ్డకి చేసే హాని గురించీ తప్పకుండా అడగాలి. డిప్రెషన్ ఉంది కదా అని ఎవరైనా యాంటీడిప్రెసెంట్ ఒక్కటే రాస్తే, బైపోలార్ సంగతి వాళ్లకి తెలుసో లేదో చూసుకోండి. అది మనిషిని మేనియాలోకి తోసేయగలదు.

బాబుతో మాట్లాడారా? మీరు రాసిందాంట్లో వాడి మాట ఒక్కటీ లేదు. బరువు పెరిగినందుకు బడిలో ఏమంటున్నారో, ఈ మార్పు వాడికి కావాలో వద్దో అడగండి. మా అమ్మాయి ఒకసారి నోట్‌బుక్ చూసి "నాకు మామూలుగా కోపం వచ్చినా ఇందులో ఎక్కిస్తావా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచి దానికీ ఒక లైను ఇచ్చాం. ఒకరోజు ఆ లైన్లో "బొమ్మ వేద్దామని కూర్చున్నా, చెయ్యి వెళ్లట్లేదు, బుర్ర దూదిలా ఉంది" అని రాసుకుంది. బయటికి చూస్తే ఆ నెల చాలా బాగున్నట్టే ఉంది, నిద్ర ఎనిమిది గంటలు, గొడవల్లేవు. ఆ ఒక్క లైను చదివి డాక్టరు డోసు కొంచెం దించారు.

ఇంకొక కష్టమైన మాట. మార్పుల సమయంలో చచ్చిపోవాలన్న ఆలోచనలు రావొచ్చు. అడిగితే కొత్తగా పుడతాయేమో అని భయపడకండి, అడగడం వల్ల పుట్టవు. "బతకాలని లేదనిపిస్తోందా? ఏమైనా చేసుకోవాలనిపించిందా?" అని తేలిక గొంతుతో, కళ్లలోకి చూసి అడగండి. అవునంటే ఒంటరిగా వదలకుండా అప్పుడే డాక్టరుకో, ఎమర్జెన్సీకో చేరాలి. మందులన్నీ తాళం వేసి ఉంచండి, రోజు మాత్ర రోజే చేతికివ్వండి. లిథియం ఎక్కువ మింగితే చాలా ప్రమాదం. లేనివి కనిపిస్తున్నాయన్నా, వినిపిస్తున్నాయన్నా, రాత్రంతా అసలు పడుకోకపోయినా, మెడ ఒక పక్కకి పట్టేసి కళ్లు పైకి వెళ్లిపోయినా, ఒళ్లు కొయ్యబారి జ్వరం వచ్చినా ఫోన్ ఎత్తేదాకా ఎదురుచూడకండి, బయల్దేరండి.

మిగతావన్నీ రేపు చూసుకోవచ్చు. ఇప్పుడు ఒక కాగితం మీద గత ఏడు రాత్రుల నిద్ర గంటలు గుర్తున్నంతవరకు రాయండి. దాని కింద లిథియం ఏ తారీఖున మొదలైంది, ఎప్పుడు ఎంత పెంచారు, లెవెల్ టెస్టు ఎప్పుడు చేశారు, ఎంత వచ్చింది, రిస్పెరిడోన్ ఎంత నుంచి ఎంతకి దిగింది అన్నవి రాయండి. లెవెల్ టెస్టు అసలు చేయించి ఉండకపోతే ఫోన్‌లో మొదట అదే చెప్పండి. ఆ కాగితం చూస్తూ డాక్టరుతో మాట్లాడేది మీ వారైతే ఇంకా మంచిది.